ఎడమ చేతి స్క్రూ

మా నాయన ఇరవై రోజులు ఇల్లు కదల్లేదు. జబ్బు వల్ల కాదు, జబ్బు అప్పటికే తగ్గిపోయింది. కారణం ఆయన చేతిగడియారం చైనులోని రెండు స్క్రూలు. ఒక్కొక్కటి నువ్వుగింజంత ఉంటుంది. ఆ రెండు నువ్వుగింజలు ముగ్గురు మనుషులను ఆడించిన ఆట తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదని, వికారాబాద్‌లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది.

నాయన సర్కారు బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా వికారాబాద్ నుంచి తాండూరుకు, తాండూరు నుంచి వికారాబాద్‌కు తిరగడంలోనే గడిచింది. ఆయన బస్సు ఏనాడూ టైముకు రాలేదు. కానీ ఎంత లేటయిందో నిమిషాలతో సహా చెప్పేవాడు. ఎవరైనా "గంట లేటొచ్చినవేందన్నా" అంటే, "గంట గాదు, గంట మీద మూడు నిమిషాలు" అని దిద్దేవాడు. రిటైరైన రోజు డిపో దోస్తులందరూ కలిసి బరువైన స్టీలు చైను గడియారం ఒకటి తొడిగారు. అప్పటినుంచి స్నానానికి తప్ప అది ఆయన చేతిని వదల్లేదు. పొద్దున ఏడింటికల్లా ఆ గడియారంతో బస్టాండు ముందరి హోటలుకు పోయి, పాత డ్రైవర్లతో, కండక్టర్లతో చాయ్ తాగుతూ, వచ్చే పోయే బస్సులు ఎంత లేటో లెక్కచెప్పడం ఆయనకు రెండో ఉద్యోగం.

వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చాయి. రెండు నెలలు పథ్యం. మనిషి సగమయ్యాడు. చెయ్యి పైకెత్తితే గడియారం మోచేతి దాకా జారేది, కిందికి దించితే వేళ్ల మీదికి వచ్చి ఆగేది. డాక్టరు చూసి, "జబ్బేం లేదు, ఇక బయట తిరగాలి, నలుగురితో కూర్చుని తినాలి. ఇంట్లో కూర్చుంటే ఆకలి ఎక్కడినుంచి పుడుతుంది?" అన్నాడు. నాయన కదిలితేగా!

"గడియారం లేకుండనే పో నాయనా," అన్నాను.

"లేకుంటె గడియారమేదని అడుగుతరు."

"అయితే పెట్టుకొనే పో."

"పెట్టుకుంటె జారుతది. అందరు చెయ్యి జూస్తరు. ఇంత బస్సు తిప్పిన చెయ్యి గిట్లయిందేంది అంటరు."

"పొడుగు చేతుల అంగీ తొడుక్కో."

"అప్పుడు గడియారం కనవడదు గద బిడ్డ!"

దీనికి జవాబు ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. పూటకు రెండు ముద్దలు తిని మంచమెక్కేవాడు. "గిట్లనే ఉంటె మనిషి మంచానికి అతుక్కపోతడే," అని మా అమ్మ వంటింట్లో నాతో మెల్లగా అంది. అమ్మ మెల్లగా మాట్లాడిందంటేనే నాకు భయమేసింది. ఆమె గొంతు మామూలుగా నాలుగిళ్లకు వినిపిస్తుంది.

చైనులో రెండు లింకులు తీస్తే సరిపోతుంది కదా అని గడియారం పట్టుకుని బజారుకు పోయాను. అక్కడి దుకాణం అబ్బాయి దాన్ని తిప్పి చూసి, "మేడం, వేరేటోళ్ల చైన్లకు పిన్ను ఉంటది, సూదితోని కొడ్తె ఒస్తది. దీనికి స్క్రూ ఉంది. రాదు. తోలు బెల్టు ఏస్కోండ్రి," అన్నాడు. ఇంటికొచ్చి తోలు బెల్టు మాట ఎత్తగానే నాయన, దోస్తులు స్టీలు పెడితే తాను తోలు పెట్టుకుంటే వాళ్లు ఏమనుకుంటారని అడిగాడు. నాకు తిక్క రేగింది. అంత చిన్న స్క్రూ రాకపోవడమేమిటి? బడిలో ముప్పై ఏళ్లనాటి కిటికీ బోల్టు ఊడదీసిన దాన్ని నేను!

ఇంట్లో కళ్లద్దాల స్క్రూడ్రైవరు ఒకటి ఉంది. స్క్రూ తల మీది గాడిలో పెట్టి తిప్పితే సన్నగా ఉండి జారిపోయింది, చైను మీద వెంట్రుకంత గీత పడింది. నాయన ఆ గీతను చూసి బస్సుకు గీత పడినట్టు "హాయ్ హాయ్" అని మొత్తుకున్నాడు. ఇంకొంచెం వెడల్పు ముక్కుది కొనుక్కొచ్చాను. అది గాడిలో దిగనే దిగలేదు. నూనె పోద్దామంటే గడియారంలోకి పోతుందేమోనని, చైను విడదీసే పని పెట్టుకున్నాను. గడియారానికీ చైనుకూ నడుమ స్ప్రింగు ఉన్న పుల్ల ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. దాన్ని ఒక పక్క నొక్కానో లేదో, అది చటుక్కున ఎగిరి మాయమైపోయింది. చీపురుతో ఇల్లంతా ఊడ్చాం, మంచాలు జరిపాం. చివరికి అమ్మ చేటలో పోసుకుని ఏరుతున్న కందిపప్పులో దొరికింది.

"రాళ్లొస్తయని ఏరుతున్న. ఇనుము గూడ ఒస్తదని తెల్వది," అంది అమ్మ.

చైనుకు కుట్టుమిషను నూనె పోసి ఒక రోజు నానబెట్టాను. మరునాడు తిప్పితే మళ్లీ అంతే. మంచం మీద కూర్చుని చూస్తున్న నాయన అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"ఎటు తిప్పుతున్నవ్ బిడ్డ?"

"ఎడమకు. ఏ స్క్రూ అయినా ఎడమకే ఊడుతది."

"గదే తప్పు. బస్సుకు కుడి దిక్కు టైరు నట్లు గట్ల ఊడ్తయి. ఎడమ దిక్కువి ఉల్టా ఉంటయి. ఎందుకంటవ్? టైరు తిరుగుడుకు నట్టు దానంతట అది ఊడిపోవద్దని. గడియారం ఏ చేతికి పెడ్తం?"

"ఎడమ చేతికి."

"మరి?"

ఆ 'మరి' వెనకాల ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది. బస్సు నట్ల సంగతి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నడుస్తుంటే చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఊగితే స్క్రూ కదులుతుంది, కదిలితే ఊడుతుంది, కాబట్టి ఉల్టా మర ఉండాలి. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన నేను ఒక్క నిమిషం ఆలోచించి, "నిజమే గద!" అన్నాను.

అమ్మ చేట కింద పెట్టి, "గడియారం ఏమన్న టైరా?" అని అడిగింది.

"నీకు తెల్వదు, ఊకో!" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా అన్న తెలివైన మాట అమ్మ అడిగిన ఆ ప్రశ్న ఒక్కటే.

ఇక కుడికి తిప్పడం మొదలైంది. నాయన చైనును పట్టకారుతో పట్టుకునేవాడు, నేను స్క్రూడ్రైవరు మీద బరువంతా వేసి తిప్పేదాన్ని. రెండో రోజుకు స్క్రూ నిజంగానే కొంచెం కదిలింది. "కదిలింది! జర్ర కదిలింది!" అని నాయన చిన్నపిల్లవాడిలా అరిచాడు. ఆ సంతోషంలో అమ్మ సేమియా పాయసం చేసింది, ఆయన గిన్నెడు తాగాడు. రేపు హోటలుకు పోయి ఎవరెవరితో ఏమేం మాట్లాడాలో కూడా చెప్పాడు. తర్వాత తెలిసింది, మేం పాయసం చేసుకున్నది స్క్రూ ఇంకా బిగుసుకున్నందుకు.

మూడో రోజు స్క్రూడ్రైవరు మొన విరిగి నా అరచేతిలో దిగింది. నెత్తురొచ్చింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. నాలుక మీద ఉన్నది ఉన్నట్టు అనేశాను.

"చెయ్యి సన్నగైతే లోకం మునిగిందా నాయనా? ఎవలు జూస్తరు నీ చెయ్యి! ఎవలకు పట్టింది!"

నాయన చైను తీసుకుని, గడియారం పక్కన పెట్టి, రెండింటినీ డబ్బాలో పెట్టి అమ్మకిచ్చాడు. "నిజమే. ఎవలు జూస్తరు. బీరువల వెట్టు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకొక అలవాటు ఉంది: అన్నానికి కూర్చుంటే ఎన్నింటికి కూర్చున్నాడో, లేస్తే ఎన్నింటికి లేచాడో పైకి చెప్తాడు. చిన్నప్పటినుంచీ విని విని నాకు విసుగు. ఆ పూట ఆయన అన్నం తిన్నాడు, చెయ్యి కడిగాడు, టైము మాత్రం చెప్పలేదు. నా నోరు కాలిపోనూ అనుకున్నాను. రోజంతా అదే బాధ.

మరుసటి పొద్దున ఆయన కళ్లు మూసుకుని ఉండగా, అమ్మ దారపుండ నుంచి ఒక దారం తెంపి, మెల్లగా మణికట్టు కొలత తీశాను. నిద్రపోతున్నాడనుకున్నాను. కానీ దారం చుట్టడానికి వీలుగా చెయ్యి కొంచెం పైకి లేచింది. కళ్లు తెరవకుండానే అన్నాడు:

"తాండూరుకు పో. పాత బస్టాండు ఎన్క గల్లిల గడియారాల పెద్దాయన ఉంటడు. గసుంటియి మస్తు తీసిండు."

"గీ మాట ముందుగాల్నే ఎందుకు చెప్పలే నాయనా?"

"అడగంది అమ్మయినా పెట్టదంటరు. నువ్వు అడిగినవా?"

నోటిదాకా వచ్చిన మాటను ఈసారి మింగేశాను. గడియారం, చైను పట్టుకుని, అరచేతికి కట్టుతో బస్సెక్కాను. తాండూరు దగ్గరపడేకొద్దీ రోడ్డుకు అటూ ఇటూ నిలబెట్టిన నాపరాతి బండలు, పాలిష్ యూనిట్ల నుంచి తెల్లని దుమ్ము. బస్సు అరగంట లేటు. సరిగ్గా ఎన్ని నిమిషాలో చెప్పేవాళ్లు లేకపోయారు.

పెద్దాయన దుకాణం మా బీరువా అంత ఉంది. ఆయన ఫోనులో ఎవరినో కన్నడంలో తిడుతున్నాడు. నాతో తెలుగులోకి దిగి, చైను అందుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని స్క్రూ మీదికి వంగాడు. 

"అరెరె! గీ స్క్రూకు ఎవడమ్మా గింత అన్యాలం జేసింది?"

"ఎవలో... వీడియోలు జూసి..." అన్నాను.

"గా ఎవలో నీ లెక్కనే చేతికి పట్టి గట్టుకున్నరా?"

ఇక దాచేదేముంది, అంతా చెప్పాను. కామెర్లు, కుడి టైరు, ఎడమ టైరు, ఉల్టా మర, పాయసంతో సహా. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి భూతద్దం ఊడి ఒళ్లో పడింది. పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు. కళ్లు తుడుచుకుని, "మీ నాయన గా వికారాబాద్ బస్సు డ్రైవరేనా? గంట లేటొచ్చి, గంట మీద మూడు నిమిషాలని చెప్పెటోడు?" అని అడిగాడు.

"ఆయనే."

"గాయన బస్సుకు చెప్పింది కరెక్టే. గడియారం బస్సు గాదు, గదొక్కటే మర్సిపోయిండు."

తర్వాత పని మొదలుపెట్టాడు. డబ్బాలోంచి ఒక స్క్రూడ్రైవరు తీశాడు. దాన్ని ఆయన పేచ్‌కస్ అన్నాడు. అది కూడా గాడిలో సరిగా కూర్చోలేదు. అయినా కంగారు పడలేదు. యూనిట్లలో బండలను నునుపు చేసే పాలిష్ రాయి అరిగి పారేస్తే, దాని ముక్క ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి స్క్రూడ్రైవరు మొనను రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దడం, గాడిలో పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. నేను రెండుసార్లు గడియారం వంక చూశాను. దుకాణంలో నలభై గడియారాలుంటే నలభై టైములు చూపిస్తున్నాయి.

"ముక్కు గాడి నిండ కూసోవాలె," అన్నాడు. "చెప్పు వదులైతే జారుతం, బిగుతైతే కాలు దూరది. గంతే గిది."

చైనును ఒక చెక్కముక్క గాడిలో నిలబెట్టాడు. ఇప్పుడు తిప్పుతాడనుకుంటే, వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీని ప్లగ్గులో పెట్టాడు. కాలిన మొనను స్క్రూ తల మీద ఆనించి ఊరుకున్నాడు.

"స్క్రూ ఊడొద్దని కంపెనీల జిగురు రాస్తరు. బలిమి జేస్తె గది ఇడువది. జర్ర వెచ్చగ జేసి సబర్‌తోని ఆగాలె. మీరేమో దానితోని కొట్లాట వెట్టుకున్నరు."

ఆ మాట స్క్రూ గురించో నా గురించో అర్థం కాక నేను బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను. ఆయన కడ్డీ తీసి, స్క్రూడ్రైవరు నిటారుగా పెట్టి, అరచేత్తో కిందికి అదిమాడు. తిప్పడం కొంచెమే, అదమడమే ఎక్కువ. "టిక్" అని ఒక శబ్దం వచ్చింది. మూడు రోజులు మేం నెత్తురోడ్చినా రాని స్క్రూ, ఆయన వేళ్ల కింద బుద్ధిగా తిరుగుతూ పైకి లేచింది.

"ఎటు తిప్పిండ్రు?" అని అడిగాను, నిజంగా తెలుసుకోవాలనే.

"ఎడమకు తల్లీ. లోకంల స్క్రూలన్నిటి లెక్కనే."

రెండో స్క్రూ కూడా అలాగే వచ్చింది, ఆ లింకుల అవతలి అంచు స్క్రూలూ వచ్చాయి. నా దారాన్ని చైను పక్కన పెట్టి చూసి, కొక్కేనికి అటొక లింకు, ఇటొక లింకు తీశాడు. రెండూ ఒకే వైపు తీస్తే కొక్కెం మణికట్టు మధ్యలో కూర్చోదట. చైను కలిపి మళ్లీ స్క్రూలు బిగించబోతూ జిగురు సీసా తీశాడు. సూది మొనతో ఒక చుక్క తీసుకుంటుంటే నాకు మళ్లీ భయం పట్టుకుంది. రేపు హోటల్లో అందరిముందూ ఊడి పడితే? 

"జర మంచిగ పెట్టుండ్రి," అన్నాను. "మస్తు పెట్టుండ్రి. మల్ల జన్మల ఊడొద్దు."

ఆయన చెయ్యి ఆగింది. భూతద్దం పైకి ఎత్తి నా వైపు చూశాడు.

"మల్ల ఎక్కియ్యాలె గదమ్మా?"

"ఏంది ఎక్కిచ్చేది?"

"గీ రెండు ముక్కలు. మీ నాయన చెయ్యి నిండినంక."

ఇరవై రోజులుగా గడియారాన్ని ఆ చేతికి తగ్గట్టు ఎలా తగ్గించాలా అనే ఆలోచించాను. ఆ చెయ్యి మళ్లీ గడియారానికి తగ్గట్టు అవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. డాక్టరు జబ్బు లేదని చెప్పినా, నాయన ఇక ఇంతే అని నేను లోపల్లోపల ఎప్పుడో ఒప్పేసుకున్నాను. పైకి మాత్రం ఆయన మీద అరిచాను. ఆ బీరువా అంత దుకాణంలో కూర్చుని నా మీద నాకే సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"సూది మొనంత చాలు," అన్నాను.

ఆయన అంతే పెట్టాడు, స్ప్రింగు పుల్లతో చైనును గడియారానికి తగిలించాడు. తీసిన లింకులు, వాటి స్క్రూలు కాగితంలో పొట్లం కట్టి, రుద్దిన స్క్రూడ్రైవరు కూడా అందులోనే పెట్టి ఇచ్చాడు. "గిది గా గాడికే పుట్టింది, ఇంకో దానికి పనికి రాదు. తీస్కపో. ఎడమకు తిప్పు, నాయన మాట ఇనకు," అన్నాడు. పొట్లాన్ని ఇంట్లో నా జామెట్రీ పెట్టెలో దాచాను. మా ఇంట్లో దేన్నయినా పోకుండా దాచే చోటు అదొక్కటే.

నాయన గడియారం తొడుక్కున్నాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు, విదిలించాడు. జారలేదు. అద్దం ముందు నిలబడి అంగీ చెయ్యి మడిచాడు, మళ్లీ దించాడు, మళ్లీ మడిచాడు. మరునాడు పొద్దున గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఏడు మీద నాలుగు నిమిషాలు. లేటయిన," అన్నాడు. ఆ విసుగు పుట్టించే మాట వినడానికి నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను.

తిరిగొచ్చేసరికి మొహం మాడ్చుకుని ఉన్నాడు. అమ్మా నేనూ హడలిపోయాం.

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏమంటరు? ఇన్ని దినాలు ఏడ వోయినవ్రా అని తిట్టిండ్రు. ఒక్కడన్న గడియారం దిక్కు జూస్తె ఒట్టు! నాలుగుసార్లు చెయ్యి లేపి టైము జూసిన. ఒక్కడు గూడ జూడలే!"

"మరి ఏమన్న తిన్నవా?" అంది అమ్మ.

"ఆ. రెండు మిర్చి."

కామెర్ల మనిషి మిర్చి బజ్జీలు తినడమేమిటని అమ్మ నాలుగిళ్లకు వినిపించేలా అరిచింది. ఆమె గొంతు అంత బాగుందని నాకు అంతకుముందు తెలియదు.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు నాయన మణికట్టు మీద చైను అచ్చు ఎర్రగా పడి ఉండడం చూశాను.

"బిగుతయిందా నాయనా?"

"లేదు, లేదు. మంచిగుంది."

"చెయ్యి చూపియ్యి."

"ఏమొద్దు. నువ్వు మల్ల స్క్రూలు పట్టుకుంటవని చెప్తలేను."

చెయ్యి పట్టి లాగాను. కొక్కెం తీయడానికే నా గోరు విరిగేంత పనైంది. జామెట్రీ పెట్టె తెచ్చాను. పొట్లం అలాగే ఉంది. చైనును పీట అంచున ఉన్న పగుల్లో నిలబెట్టాను. అమ్మ దీపపు కుందిలో సూది కాల్చి ఇచ్చింది, దాన్ని స్క్రూ తల మీద ఆనించి ఊరుకున్నాను. నాయన ముందుకు వంగాడు.

"బిడ్డ, ఎడమ దిక్కు టైరు..."

"నాయనా!"

"సరే, సరే."

స్క్రూడ్రైవరు గాడిలో నిండుగా కూర్చుంది. అదిమాను, ఎడమకు తిప్పాను. టిక్ మంది. కొక్కేనికి అటొక లింకు, ఇటొక లింకు. రెండూ పట్టాయి. చైను ఆయన మణికట్టు చుట్టూ తిరిగి, వెనకటి చోటే వచ్చి ఆగింది. నాకు ఏడుపు ఆగలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. 

నాయన బిత్తరపోయి ఒకసారి గడియారం వంక, ఒకసారి నా వంక చూశాడు.

"ఏడుస్తవేందే పిచ్చిదానా? స్క్రూ ఒచ్చింది గద!"